జూసాన్‌లీ: మోకాలి కింద ఒక మైలురాయి

కుర్చీలో కూర్చుని మోకాలు మడవండి. మోకాలి చిప్ప కింద అటూ ఇటూ రెండు చిన్న గుంటలు చేతికి తగులుతాయి. పాతకాలపు చైనా వైద్యులకి అవి దూడ ముక్కుపుటాల్లా కనిపించాయి కాబోలు, బయటివైపు గుంటకి 'దూడ ముక్కు' అని పేరు పెట్టారు. ఆ గుంట నుంచి కిందికి మీ నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించండి. చిటికెనవేలు ఆగిన చోట, కాలి ముందు ఎముక అంచు నుంచి ఒక వేలి వెడల్పు బయటికి జరగండి. పాదం పైకెత్తితే అక్కడ కండ ఉబ్బుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే మామూలు నొప్పి కాకుండా, బరువుగా, కిందికి పాకుతున్నట్టుండే నొప్పి ఒకటి తెలియొచ్చు. ఆ చోటు పేరు జూసాన్‌లీ. కడుపు నాడీమార్గం మీద ముప్ఫై ఆరో బిందువు. అక్యుపంక్చర్‌లో అందరికన్నా ఎక్కువ పని చేసే బిందువులు ఓ పది ఏరితే, అందులో ఇది తప్పకుండా ఉంటుంది.

'మీ' నాలుగు వేళ్ళు అని ఊరికే అనలేదు. ఈ వైద్యంలో కొలతలన్నీ రోగి ఒంటి కొలతలే. 'చున్' అనేది ప్రమాణం. రోగి బొటనవేలి వెడల్పు ఒక చున్, నాలుగు వేళ్ళు కలిపి మూడు చున్‌లు. మోకాలి వెనక మడత నుంచి చీలమండ దాకా ఎవరికైనా పదహారు చున్‌లే, ఆరడుగుల మనిషికైనా ఆరేళ్ళ పిల్లకైనా. వెబ్ పేజీలు రాసేవాళ్ళ భాషలో చెప్పాలంటే, ఇది పిక్సెల్స్‌లో కాకుండా పర్సెంటేజీలో రాసిన డిజైన్. స్క్రీన్ మారినా లేఅవుట్ చెదరదు. ఇంత పాత వైద్యంలో ఈ తెలివి చూసి నాకు మొదట ముచ్చటేసింది.

ఇక పేరు. 'జూ' అంటే కాలు, 'సాన్' అంటే మూడు, 'లీ' అంటే దూరానికి కొలత. ఇప్పటి లెక్కలో ఒక లీ అర కిలోమీటరు. నడిచి నడిచి అలిసిపోయిన బాటసారి ఈ చోట నొక్కుకుంటే ఇంకో మూడు లీల దూరం నడవగలడట, అందుకే ఆ పేరు అని అక్యుపంక్చర్ గురించి రాసేవాళ్ళంతా చెబుతారు. కథ బాగుంది. కానీ ముంజేతి మీద, మోచేతికి కొంచెం కింద, 'చేతి మూడు లీ' అని ఇంకో బిందువు ఉంది. చేతుల మీద ఎవరూ నడవరు కదా! కాబట్టి మోకాలికి మూడు చున్‌ల కింద ఉందని చెప్పడమే ఆ 'మూడు'లోని అసలు సంగతి అనే రెండో వివరణ, రుచిలేనిదే అయినా, నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. అయినా నిలిచింది మాత్రం బాటసారి కథే. పేరుకి ఒక కథ దొరికాక కొలతని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఈ పేరు నాకు రెండుసార్లు ఎదురైంది. మొదటిసారి సాహిత్యంలో, రెండోసారి మా ఇంట్లో. రెంటికీ మధ్య దూరం చాలా ఉంది. ఈ వ్యాసం ఆ దూరం గురించే.

*

ముందు ఇది దేనికి వాడతారో చూద్దాం. కడుపునొప్పి, వాంతులు, ఎక్కిళ్ళు, ఉబ్బరం, అజీర్ణం, విరేచనాలు, మళ్ళీ దానికి సరిగ్గా ఎదురు మలబద్ధకం. మోకాళ్ళ నొప్పులు, కాళ్ళ నిస్సత్తువ. నీరసం, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం. జబ్బుపడి లేచినవాళ్ళకి బలం రావడానికి. జబ్బు లేనివాళ్ళకి జబ్బు రాకుండా ఉండడానికి. ఈ జాబితా చదువుతుంటే తెలంగాణలో పెరిగినవాళ్ళకి ఇంటి అలమరలోని జిందా తిలిస్మాత్ సీసా గుర్తుకు రాక మానదు.

కానీ ఆ వైద్యం లోపలి తర్కంలో నిలబడి చూస్తే ఇది కలగాపులగం జాబితా కాదు. కడుపు నాడీమార్గం కంటి కింద మొదలై, చెంప, మెడ, రొమ్ము, పొట్ట మీదుగా దిగి, తొడ ముందువైపు నుంచి పిక్క పక్కగా వచ్చి, కాలి రెండో వేలి దగ్గర ముగుస్తుంది. దాని మీద నలభై ఐదు బిందువులు. ఒక్కో నాడీమార్గంలో వేళ్ళ చివర నుంచి మోకాలి దాకా, లేదా మోచేతి దాకా, ఉన్న వాటిలో ఐదింటికి నీళ్ళ పేర్లు పెట్టారు. వేలి చివర బావి, తర్వాత ఊట, ఆ తర్వాత వాగు, ఆపైన నది, చివరికి మోకాలి దగ్గర నది వెళ్ళి కలిసే సముద్రం. జూసాన్‌లీ కడుపు మార్గానికి సముద్ర బిందువు. అక్కడ నుంచి ప్రవాహం లోపలికి, అవయవం దాకా వెళుతుందని నమ్మకం. పంచభూతాలకి వాళ్ళ వరస వేరు: కర్ర, నిప్పు, మన్ను, లోహం, నీరు. కడుపు మన్ను. ఈ బిందువూ మన్నే. తిన్నది అరిగి ఒంటికి పట్టడానికి ఆధారం మన్ను కాబట్టి, కడుపు బాగుంటే నీరసం పోతుంది, నీరసం పోతే కాలు నడుస్తుంది.

సుమారు రెండువేల ఏళ్ళ కిందట కూర్చిన 'హువాంగ్‌దీ నేజింగ్'లోనే ఈ బిందువు ఉంది. ప్లీహం, కడుపుల్లో దోషం చేరితే, అది వేడి వల్లనైనా చలి వల్లనైనా, 'మూడు లీ' దగ్గరే సరిచేయాలని అందులో ఒక చోట చెబుతారు. తరవాతి కాలంలో విద్యార్థులకి బట్టీ పట్టించిన చిన్న పద్యాల్లో కూడా, పొట్ట సంగతులన్నీ ఈ బిందువుకే అప్పగించారు.

మనవాళ్ళలో చాలామంది దీన్ని మన మర్మాలతో పోలుస్తుంటారు. సుశ్రుత సంహిత చెప్పే మర్మాలు 107. కానీ అవి దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వచ్చే చోట్లు. కత్తి పట్టిన వైద్యుడికి ఇక్కడ జాగ్రత్త అని పెట్టిన హెచ్చరికలు. చైనా బిందువులు సూది గుచ్చడానికి పిలుపులు. రెండూ ఒంటి మీద చుక్కలే అయినంత మాత్రాన రెండూ ఒకటని నేను అనుకోను.

*

సాహిత్యంలో ఎదురైందన్నాను కదా. 1689 వసంతంలో మత్సువో బషో తన శిష్యుడు సోరాతో ఎదో నగరం, అంటే ఇప్పటి టోక్యో, వదిలి ఉత్తరానికి నడక మొదలుపెట్టాడు. దాదాపు 2400 కిలోమీటర్ల యాత్ర. దాని మీద రాసిన 'ఓకు నో హొసొమిచి' మొదటి పేజీలోనే ప్రయాణ సన్నాహాలు చెబుతాడు. చిరిగిన లాగు కుట్టుకున్నాడు. టోపీకి కొత్త తాడు కట్టుకున్నాడు. కాళ్ళ మీద 'సాన్‌రీ' దగ్గర మొక్సా కాల్చుకున్నాడు. ఇంగ్లిష్ అనువాదంలో ఈ వాక్యం దగ్గర ఆగి, ఈ సాన్‌రీ ఏమిటా అని వెతికితే దొరికింది, మోకాలి కింద ఈ చోటు. చైనా జూసాన్‌లీయే జపాన్‌కి వచ్చి సాన్‌రీ అయింది.

తమాషా ఏమిటంటే, అక్షరాలు అవే కానీ దూరం మారిపోయింది. జపాన్ 'రీ' దాదాపు 3.9 కిలోమీటర్లు. చైనాలో కిలోమీటరున్నర నడిపించిన చుక్క, సముద్రం దాటేసరికి పన్నెండు కిలోమీటర్లు నడిపించాలి! యూనిట్ మార్చకుండా కోడ్ కాపీ చేస్తే ఇలాగే అవుతుంది.

బషోకి మూడున్నర శతాబ్దాల ముందే, 1330 ప్రాంతంలో, సన్యాసి యోషిదా కెంకో తన 'త్సురెజురెగుసా'లో ఈ బిందువుకి ఒక చిన్న ఖండిక కేటాయించాడు. నలభై దాటినవాళ్ళు ఒంటి మీద ఎక్కడ మొక్సా కాల్చుకున్నా, సాన్‌రీ దగ్గర కూడా కాల్చుకోవాలి, లేకపోతే వేడి తలకెక్కుతుంది అని. పూల గురించీ చంద్రుడి గురించీ అంత నాజూగ్గా రాసినాయన, మధ్యలో ఆగి ఇంట్లో పెద్దమ్మలా ఈ చిట్కా చెప్పి మళ్ళీ ముందుకు పోతాడు. ఇక జానపదంలో మికావా ప్రాంతపు మన్‌పే అనే రైతు ఉన్నాడు. తరతరాలుగా ఇంటిల్లిపాదీ సాన్‌రీ దగ్గర మొక్సా కాల్చుకుంటూ, రెండువందల ఏళ్ళు పైబడి బతికాడని కథ.

మొక్సా అంటే ఏమిటో చెప్పాలి. ఒక మొక్క ఆకుల్ని ఎండబెట్టి, నలిపి, దూదిలా చేసి, బియ్యపుగింజంత ముద్ద ఒంటి మీద పెట్టి నిప్పు అంటిస్తారు. ఆ మాట జపాన్ వాళ్ళ 'మొగుసా' నుంచి వచ్చింది. అక్యుపంక్చర్‌కి చైనా మాట 'జెన్‌జియూ'. జెన్ అంటే సూది, జియూ అంటే ఈ కాక. మనం సూది మాత్రమే తీసుకుని రెండో సగం వదిలేశాం. ఆ మొక్క మనకి కొత్తదేం కాదు. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రుల్లో మొదట చదివే మాచీపత్రం ఆర్టిమీసియా జాతిదే, మొక్సా మొక్కకి దగ్గరి చుట్టం. మనవాళ్ళు దాన్ని దేవుడికి పెట్టారు, వాళ్ళు కాలి మీద కాల్చారు. ఆ మాటకొస్తే కాల్చడం కూడా మనకి తెలుసు. పచ్చకామెర్లకి వాత పెట్టడం మన ఊళ్ళలో నిన్నమొన్నటి సంగతి. మొక్సా కూడా పాతకాలంలో చాలాసార్లు వాతే. పుండు పడి, రసి కారితేనే గుణం ఉన్నట్టు. సుఖంగా ఉండాలంటే మూడు లీ దగ్గరి పుండు ఎప్పుడూ ఆరకూడదని చైనాలో ఒక నానుడి. బషో వాక్యం ఎంత తేలిగ్గా ఉందో, దాని వెనక ఒళ్ళు అంత కాలింది.

*

1027లో సాంగ్ వంశపు చక్రవర్తి కోసం వాంగ్ వేయీ అనే వైద్యుడు రెండు కంచు మనుషుల్ని పోత పోయించాడు. నిలువెత్తు విగ్రహాలు. ఒళ్ళంతా బిందువుల దగ్గర చిన్న రంధ్రాలు, పక్కనే పేర్లు. పరీక్ష ఎలా పెట్టేవాళ్ళంటే, విగ్రహం మీద మైనం పూసి రంధ్రాలు కనబడకుండా చేసి, లోపల నీళ్ళు నింపేవాళ్ళట. పరీక్షకుడు బిందువు పేరు చెప్పగానే విద్యార్థి సూది గుచ్చాలి. సరైన చోట దిగితే నీళ్ళు కారతాయి, పాస్. లేకపోతే సూది లోపలికే పోదు.

వెయ్యేళ్ళ కిందటి యూనిట్ టెస్ట్! నా ఉద్యోగంలో సగం ఇదే కాబట్టి ఈ కంచు మనిషి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. కానీ మా వృత్తిలో ఇంకో సంగతి కూడా నేర్పుతారు. స్పెసిఫికేషన్‌లో ఉన్నట్టే కోడ్ రాశావా అన్నది ఒక ప్రశ్న. ఆ స్పెసిఫికేషన్ రాసినదాంతో వాడేవాడి అవసరం తీరుతుందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది వెరిఫికేషన్, రెండోది వాలిడేషన్. టెస్టులన్నీ పచ్చగా వెలిగి, ప్రొడక్ట్ మాత్రం ఎవరికీ పనికిరాకుండా పోయిన ప్రాజెక్టులు మాలో ప్రతివాడూ చూసే ఉంటాడు. కంచు మనిషి మొదటి ప్రశ్నకే జవాబు చెబుతాడు. జూసాన్‌లీ ఎక్కడుందో నీకు తెలుసా? తెలుసు, నీళ్ళు కారాయి. మరి అక్కడ గుచ్చితే కడుపునొప్పి తగ్గుతుందా? కంచు మనిషికి కడుపునొప్పి రాదు.

మొదటి ప్రశ్న కూడా అంత తేలికేం కాదు. 2003 నుంచి 2006 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ పూనికతో చైనా, జపాన్, కొరియా నిపుణులు కూర్చుని బిందువుల చోట్లు ఖరారు చేశారు. 2008లో పుస్తకం వచ్చింది. మొత్తం 361 బిందువులు. వాటిలో ఆరింటి మీద చివరిదాకా ఒప్పందం కుదరక, రెండేసి చోట్లు అలాగే ఉంచేశారు. స్టాండర్డ్స్ కమిటీల్లో కూర్చున్నవాళ్ళకి ఈ ముగింపు కొత్తగా ఉండదు.

పైగా ఇది తెగని ధారగా వచ్చిన విద్య కూడా కాదు. 1822లో చింగ్ చక్రవర్తి దావోగ్వాంగ్, రాజవైద్యాలయంలో సూది-మొక్సా విభాగాన్నే ఎత్తేయించాడు. చక్రవర్తి ఒంటికి సూదులూ నిప్పూ తగవని. 1929లో అప్పటి జాతీయ ప్రభుత్వంలో పాత వైద్యాన్నే రద్దు చేయాలనే ప్రతిపాదన లేచింది. మళ్ళీ నిలబెట్టింది 1950ల్లో కమ్యూనిస్టు ప్రభుత్వం. అంత పెద్ద దేశానికి డాక్టర్లు చాలక. 1938లో చైనాకి వెళ్ళిన భారతీయ వైద్య బృందంలో, కోట్నీస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు, ఆ పదేళ్ళలోనే మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. మన దేశంలో అక్యుపంక్చర్ కథ అక్కడ నుంచే.

అమెరికాకి మాత్రం ఇది ఒక అపెండిక్స్ వల్ల చేరింది. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్టు జేమ్స్ రెస్టన్ పెకింగ్‌లో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది. అక్కడే ఆపరేషన్ జరిగింది. సూదులతోనే మత్తిచ్చి కోశారని ఇప్పటికీ చాలా చోట్ల చెబుతారు, అది నిజం కాదు. మామూలు మత్తు ఇంజెక్షన్లే ఇచ్చారని ఆయనే స్పష్టంగా రాశాడు. సూదులు వచ్చింది రెండో రాత్రి, పొట్ట ఉబ్బరించి బాధపడుతుంటే. కుడి మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద గుచ్చి తిప్పారు. పొట్టకి దగ్గరగా మూలిక కాల్చి సెగ పట్టారు. గంటలో ఉబ్బరం తగ్గిందనీ, మళ్ళీ రాలేదనీ జులై 26న పత్రికలో రాశాడు. బిందువు పేరు రాయలేదు. కానీ పొట్ట ఉబ్బరానికి మోకాలి కింద సూది అంటే, ఆ విద్య మొదటి సంవత్సరం చదివేవాళ్ళు కూడా జూసాన్‌లీ అనే చెబుతారు.

రెస్టన్ అబద్ధం చెప్పలేదు. కానీ ఒక్క మనిషి, ఒక్క రాత్రి. ఆపరేషన్ తర్వాత ఉబ్బరం దానంతటదే తగ్గడం కూడా మామూలే. ఆ ఒక్క అనుభవం మీద ఒక దేశం దేశమే ఆసక్తి పెంచుకుంది. మనుషులం అంతే, ఎవరికో తగ్గింది అన్న మాట కన్నా బలమైన వాదన మనకి ఇంకోటి ఉండదు.

*

ఆ వాదన మా ఇంట్లోకీ వచ్చింది.

అమ్మ రిటైరైన లెక్కల టీచరు. హనుమకొండలో ముప్ఫై ఏళ్ళు చెప్పింది, ఇప్పుడు హైదరాబాద్‌లో నాతో ఉంటుంది. పదేళ్ళుగా షుగరు, నాలుగేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే ఎక్స్-రే లైటుకి పెట్టి చూసి, అరిగిపోయాయమ్మా, నొప్పి మాత్రలు వాడండి, తర్వాత ఆపరేషన్ ఆలోచిద్దాం అన్నారు. నాలుగు నిమిషాలు. మా కాలనీ దగ్గర్లో ఒక అక్యుపంక్చర్ సెంటర్ ఉందని వాకింగ్ ఫ్రెండ్స్ చెబితే అమ్మ అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి మార్పు నా కళ్ళకే కనిపించింది.

"నొప్పి తగ్గిందిరా. పోయిన నెల రెయిలింగ్ పట్టుకోకుంట మెట్లు ఎక్కలేకపోయేదాన్ని. ఇప్పుడు మంచిగ ఎక్కుతున్న."

నేను సంతోషించాను. బషో సంగతి కూడా చెప్పాను. నీకు గుచ్చుతున్న చోటే ఒక కవి మొక్సా కాల్చుకుని ఐదు నెలలు నడిచాడని. అమ్మకి నచ్చింది.

మూడు నెలల షుగర్ పరీక్ష రిపోర్టు వచ్చింది. అంతకుముందు 7.2 ఉన్నది, 9.6. డ్రాయర్ తీస్తే మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పులు విప్పకుండా ఉన్నాయి. అడిగితే దాచలేదు. ఒంటికి తనను తను బాగుచేసుకునే శక్తి ఉంటుందనీ, గోళీలు ఆ శక్తిని మొద్దుబారుస్తాయనీ, కడుపు బిందువు తెరుచుకుంటే షుగరు అదే సర్దుకుంటుందనీ ఆ సెంటర్లో చెప్పారు. గోళీలు ఆపేసింది. తర్వాతి వారం నుంచి కాళ్ళకి కాక కూడా మొదలుపెడతామన్నారట.

"మరి మోకాలు తగ్గలేదా? అదే సూది, అదే చెయ్యి. మోకాలి సంగతి నిజమైతే షుగర్ సంగతి అబద్ధమెట్లయితది?"

అమ్మ వేసిన ఈ ప్రశ్న చిన్నది కాదు. 'అదంతా మూఢనమ్మకం' అంటే జవాబైపోదు. ఎందుకంటే మోకాలు నిజంగానే తగ్గింది. ఆమె మెట్లెక్కుతోంది. కళ్ళ ముందున్న దాన్ని కొట్టిపారేస్తే, ఆ తర్వాత నేను చెప్పే ఏ మాటా ఆమె వినదు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి లెక్కతోనే చెప్పాలి.

జర్మనీలో సరిగ్గా మోకాళ్ళ మీదే ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఫలితాలు 2006లో వచ్చాయి. మోకాళ్ళు అరిగి నొప్పితో ఉన్న వెయ్యిమందిని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి చైనా పద్ధతి ప్రకారం సరైన బిందువుల్లో సూదులు. రెండో గుంపుకి బిందువులు కాని చోట్ల, పైపైన, తిప్పకుండా సూదులు. తమది ఏ రకమో రోగులకి చెప్పరు. మూడో గుంపుకి సూదులు లేకుండా డాక్టర్ సంప్రదింపులు. నొప్పి మాత్రలూ ఫిజియోథెరపీ అవసరాన్ని బట్టి అన్ని గుంపులకీ ఉన్నాయి. ఆరు నెలల తర్వాత బాగా తగ్గిందన్నవాళ్ళు మొదటి గుంపులో నూటికి 53, రెండో గుంపులో 51, మూడో గుంపులో 29.

ఈ మూడు అంకెలూ పాలప్యాకెట్ల లెక్క రాసే నోట్‌బుక్‌లో రాసి అమ్మ ముందు పెట్టాను. చాలాసేపు చూసింది.

"అంటే సూది పనిచేస్తది. చోటు పనిచేయదు. అంతేనా?"

అంతకన్నా బాగా నేను చెప్పలేను. కంచు మనిషి మీద వెయ్యేళ్ళు పట్టి పరీక్ష పెట్టిన ఆ కచ్చితత్వం, రోగి మోకాలి మీదికి వచ్చేసరికి నూటికి రెండు తేడా. సూది పెట్టించుకున్నవాళ్ళకీ పెట్టించుకోనివాళ్ళకీ మధ్య మాత్రం ఇరవైకి పైన. ఆ ఇరవైలో ఏముంది? ఎక్కడ గుచ్చినా ఒళ్ళు చూపించే స్పందన కొంత ఉండొచ్చు. తగ్గుతుందనే నమ్మకం కొంత. నొప్పి అనేది మెదడు కూడా చేయి వేసి వండేది కాబట్టి నమ్మకానికి అక్కడ నిజంగానే పని ఉంటుంది. ఇంకా ఏముందో అమ్మే చెప్పింది.

"ఆమె నలభై నిమిషాలు నా కాలు పట్టుకొని చూస్తది. మీ పెద్దాసుపత్రిల ఎవరన్న నా కాలు ముట్టుకున్నరా?"

ముట్టుకోలేదు. ఆ ఇరవైలో ఇది ఎంత వంతో నాకు తెలియదు గానీ, సున్నా మాత్రం కాదు.

అయితే రక్తంలో చక్కెరకి ఎవరు కాలు పట్టుకున్నారో తెలియదు. నొప్పి ఎంత ఉందో అమ్మ చెప్పాలి, చక్కెర ఎంత ఉందో యంత్రం చెబుతుంది. ఒక అప్లికేషన్‌లో లాగిన్ పేజీ టెస్టు పాసైందని పేమెంట్ పేజీని టెస్టు చేయకుండా వదిలేస్తామా? మోకాలు తగ్గడం మోకాలికే సాక్ష్యం. షుగర్‌కి వేరే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం మన చేతిలోనే ఉంది, 9.6 అని రాసి.

నిజాయితీగా ఇంకో వైపు కూడా చెప్పాలి, అమ్మకి కూడా చెప్పాను. 2021 అక్టోబరులో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కి చెందిన చ్యూఫు మా బృందం 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఎలుకల్లో జూసాన్‌లీ చోట సూది గుచ్చి సన్నటి కరెంటు పంపితే, అక్కడ ఎముక చుట్టూ లోతైన పొరల్లో ఉండే ఒక రకం నాడీకణాలు కదిలి, మెదడు మీదుగా వేగస్ నాడి ద్వారా అడ్రినల్ గ్రంథి దాకా సంకేతం వెళ్ళి, ఒంట్లో వాపు తగ్గింది. ఆ కణాలు పొట్ట మీది పొరల్లో లేవు. అందుకే పొట్ట దగ్గరి బిందువులో అంతే కరెంటు ఇస్తే ఆ ఫలితం రాలేదు. అంటే ఇక్కడ చోటుకి విలువ ఉంది! కానీ అది ఎలుక, అది కరెంటు, అది విషం ఎక్కించి తెప్పించిన వాపు. దాంట్లో సముద్ర బిందువూ లేదు, మన్నూ లేదు. నాడి ఉంది. రేపు ఇది మనుషులకి మందుగా మారినా మారొచ్చు. మెట్‌ఫార్మిన్ మానేయడానికి మాత్రం ఇందులో ఒక్క వాక్యం కూడా లేదు.

కాక సంగతి అన్నిటికన్నా అత్యవసరం. షుగర్ డాక్టర్ అమ్మ పాదాల కింద సన్నటి నైలాన్ దారం ఆనించి, కళ్ళు మూసుకుని తగిలినప్పుడు చెప్పమంది. ఎడమ పాదంలో రెండు చోట్ల అమ్మ ఏమీ చెప్పలేదు. తెలియలేదు కాబట్టి. స్పర్శ తగ్గిన కాలి మీద నిప్పు పెడితే, కాలుతున్నట్టు తెలియదు. షుగర్ ఉన్న కాలికి పుండు పడితే ఆరదు. పుండు ఆరకపోవడమే గుణమని నమ్మిన కాలం నుంచి వచ్చిన వైద్యం, పుండు ఆరకపోతే కాలే పోయే జబ్బు ముందు నిలబడిందన్నమాట.

అమ్మ గోళీలు మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాతి రిపోర్టు 7.6. సెంటర్‌కి వెళ్ళడం ఆపలేదు, నేనూ ఆపమనలేదు. డాక్టర్‌ని అడిగి, వాడిపారేసే కొత్త సూదులైతేనే, స్పర్శ బాగున్న చోటే అని ఒప్పుకున్నాం. వాళ్ళతో ఏం మాట్లాడిందో నేను వినలేదు. "గోళీలు ఏసుకునే వస్త, కాక వద్దు, ఇష్టముంటే గుచ్చుండ్రి అని చెప్పిన" అంది. ముప్ఫై ఏళ్ళు పదో తరగతి వాళ్ళని కూర్చోబెట్టిన గొంతు అది. గుచ్చారు.

*

ఇలాంటి విషయాల మీద మన దగ్గర రెండే గొంతులు వినిపిస్తాయి. ఒకటి, వేల ఏళ్ళ జ్ఞానం, ప్రశ్నించకు. రెండోది, అంతా బూటకం, నవ్వు. రెండూ తేలికైనవే. కష్టమైన పని, ఒక చుక్క గురించిన వేర్వేరు మాటల్ని విడదీసి ఒక్కోదాన్ని విడిగా తూచడం. జూసాన్‌లీ ఎక్కడుంది అన్నది కొలత. దానికి ఆ పేరెందుకు అన్నది కథ. అక్కడ గుచ్చితే మోకాలు తగ్గుతుందా అన్నది ఒక పరీక్ష, షుగర్ తగ్గుతుందా అన్నది ఇంకో పరీక్ష. ఒకదాంట్లో వచ్చిన మార్కుల్ని ఇంకోదాంట్లో వేసుకోవడానికి వీల్లేదు. పుస్తకాలు చదివేటప్పుడు మనం ఈ జాగ్రత్త పాటిస్తాం. వాక్యం అందంగా ఉందని అందులోని వాదన ఒప్పుకోం, వాదన తప్పని వాక్యాన్ని పారేయం. ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఎందుకో అన్నీ ఒకే మూటగా కట్టేస్తాం.

బషో మాత్రం కట్టలేదు. మళ్ళీ ఆ వాక్యం చూడండి, మూడు పనులున్నాయి. మొక్సా వాటిలో ఒకటి. సాన్‌రీ దగ్గర కాల్చుకున్నా కదా అని ఆయన లాగు కుట్టుకోవడం మానలేదు, టోపీ తాడు మార్చుకోవడం మానలేదు. చేయగలిగినవన్నీ చేసుకుని, అప్పుడు బయల్దేరాడు.